ఉద్దానము మీది ఆకాశము

శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరి పంక్తికిని బంగాళాఖాతపు ఇసుకకును నడుమ పరచుకొనియున్న తోటల నేలకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే జనుల నోట నలిగి ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములలో ఈ నేల వ్యాపించియున్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఇచ్చటి గృహస్థునకు చెట్లు మాత్రమే కావు. పిల్లవాని చదువు, ఆడపిల్ల పెండ్లి, ముసలితనమున నోటికందు ముద్ద, అన్నియు వానిపైననే ఆధారపడియున్నవి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు తాతలనాటి చెట్లు కొన్ని గడియలలో నేలకొరిగినవి. కూలిన కొబ్బరిచెట్టు చోట నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఉద్దానపు రైతు ఆ ఏండ్లను ఇటీవలనే లెక్కపెట్టి ముగించెను.

ఈ తోటల మీదుగా చాల ఎత్తున విమానములు పోవుచుండును. ఒక్కొక్క చలికాలపు ఉదయమున వాని వెనుక సుద్దముక్కతో గీచినట్లు తెల్లని గీత యేర్పడి, కొంతసేపటికి వెడల్పై, పలుచని మబ్బుగా మారును. పల్లెలలో పిల్లలు "ఇమానం" అని కేకలు వేయుచు దానివెంట పరుగెత్తుదురు. ఇంతవరకు ఉద్దానమునకును విమానమునకును గల సంబంధము అంతమాత్రమే.

ఇపుడు ఆ సంబంధము మారవచ్చును. 2024 జూన్ నెలలో కేంద్ర పౌర విమానయాన శాఖను స్వీకరించిన కింజరాపు రామమోహన నాయుడు స్వగ్రామము టెక్కలి దరినున్న నిమ్మాడ. దేశమందలి విమానముల వ్యవహారమంతయు చూడవలసిన మంత్రి, విమానాశ్రయము లేని జిల్లానుండి వచ్చుట విశేషమే. మందస, వజ్రపుకొత్తూరు మండలములలో సరకుల రవాణాకు ఉపయోగపడు విమానాశ్రయము నిర్మింపవలెనను ప్రతిపాదన 2025లో బయలుదేరగా, వేయి ఎకరములకు పైబడిన భూమి కావలసివచ్చునని వినిన రైతులు ఊరూర సభలు పెట్టి అభ్యంతరము తెలిపిరి. జీడిపప్పు, చేపలు, రొయ్యలు కొన్ని గంటలలో దూరదేశములకు చేరునని ఒక పక్షము చెప్పెను. తోటలు పోయిన తరువాత పంపుటకు జీడిపప్పు ఎక్కడిదని రెండవ పక్షము అడిగెను. రెండును ఆలోచింపదగిన మాటలే.

అయితే ఈ వాదములో నేలను గూర్చిన మాటలే ఎక్కువ. ఎకరమునకు పరిహారమెంత, ఉద్యోగములెన్ని, ఊరు కదలవలయునా లేదా అనునవి కంటికి కనిపించు ప్రశ్నలు. విమానము నేలమీద దిగునది యైనను దాని బ్రతుకంతయు గాలిలోనిది. ఆ గాలికి ఏమగును? ఆ గాలి పీల్చువారికి ఏమగును? ఆకాశములో ఎన్ని విమానములకు చోటుండును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకు పనికి ఎవరు ధనము పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను? ఉద్దానము వంటి చోట ఈ చివరి ప్రశ్న, అందును "ఎప్పుడు" అను మాట, మిక్కిలి ముఖ్యమైనది.

ఆకాశమునకు హద్దులు లేవను మాట కవులకు చెల్లును గాని విమానచోదకులకు చెల్లదు. విమానములు పక్షులవలె తమ ఇష్టము వచ్చినట్లు ఎగురవు. వానికి బాటలు కలవు. ఒకదాని క్రింద ఒకటి పోవునపుడు సాధారణముగా వేయి అడుగుల ఎడముండవలెను. ఆకాశములో పెద్ద భాగము సైనిక విమానముల కొరకు ప్రత్యేకింపబడియుండును. 2020 మే నెలలో కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించిన దానినిబట్టి, భారత ఆకాశములో నూటికి 60 వంతులు మాత్రమే పౌర విమానములకు స్వేచ్ఛగా లభించుచుండెను. తక్కిన దానిని చుట్టి పోవుటవలన కాలము, ఇంధనము వృథా యగుచున్నవనియు, ఆ నిర్బంధములను సడలించినచో సంవత్సరమునకు సుమారు 1000 కోట్ల రూపాయలు మిగులుననియు ఆనాడే లెక్క చెప్పిరి. ఉత్తరాంధ్ర ప్రజలకు ఇది పరోక్షమైన సంగతి కాదు. విశాఖపట్నములో పౌర విమానములు దిగునది నౌకాదళమునకు చెందిన ఐ.ఎన్.ఎస్. డేగా క్షేత్రమున. నౌకాదళపు శిక్షణ జరుగు వేళలలో పౌర విమానములు వేచియుండవలసినదే. భోగాపురములో వేరొక విమానాశ్రయము కావలసివచ్చుటకు ఇదియు ఒక కారణము. దానికి 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగెను.

రద్దీ యన్నది ప్రయాణికుల విసుగుతో తీరునది కాదు. దిగుటకు చోటు దొరకని విమానము ఊరిపైన గుండ్రముగా తిరుగుచుండును. ఎగురుటకు అనుమతి రాని విమానము నేలమీద యంత్రములను నడపుచునే వరుసలో నిలుచును. రెండు సందర్భములలోను ఇంధనము మండుచునే యుండును. కావున రద్దీ పరిశోధన వేరు, పొగ పరిశోధన వేరు అని విడదీయుటకు వీలులేదు. బాట చక్కబడినచో పొగ కొంత తగ్గును.

బాట చక్కబరచు శాస్త్రములో తెలుగునేలకు మంచి పాలే కలదు. ఇది మన విద్యార్థులకు అంతగా తెలియని కథ గనుక కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములతో విమానము తానెక్కడనున్నదో తెలిసికొనును. ఆ సంకేతము నేలకు దిగునపుడు అయనోమండలమను విద్యుత్కణముల పొర గుండ రావలెను. సూర్యరశ్మివలన ఏర్పడు ఆ పొర సంకేతమును ఆలస్యము చేయును. ఆలస్యము ఎంత యల్పమైనను, లెక్కలో అది మీటర్లు, పదుల మీటర్లుగా పెరుగును. ఐరోపాలో, అమెరికాలో ఆ పొర కొంత నెమ్మదిగా నుండును. భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖ దక్షిణభారతము మీదుగా పోవుటచేత మన ఆకాశములో అది ఉదయమునకు, మధ్యాహ్నమునకు, సూర్యాస్తమయమునకు వేరువేరుగా అల్లకల్లోలమగును. కావున పరదేశపు లెక్కలు తెచ్చి మన విమానములకు తగిలించుటకు వీలులేకపోయెను.

భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, విమానాశ్రయముల ప్రాధికార సంస్థయు కలిసి 774 కోట్ల రూపాయలతో నిర్మించిన "గగన్" పద్ధతి ఈ చిక్కును విప్పుటకే పుట్టినది. దేశమంతట 15 కేంద్రములలో ఉపగ్రహ సంకేతములను కొలిచి, తప్పెంతయో లెక్కకట్టి, ఆ సవరణను స్థిర ఉపగ్రహముల ద్వారా విమానములకు పంపుట దాని పని. 2013 డిసెంబరు చివర దానికి మొదటి యోగ్యతాపత్రము లభించెను. 2022 ఏప్రిల్‌లో రాజస్థానమునందలి కిషన్‌గఢ్‌లో ఒక చిన్న ప్రయాణికుల విమానము దాని సాయముతో దిగెను. ఖరీదైన దిగుడు యంత్రములను నెలకొల్పలేని చిన్న విమానాశ్రయములకు ఇది వరము. పలాసలో విమానాశ్రయము వెలసినచో దానికిని ఇది ఉపయోగపడును.

ఇంత పని వెనుక విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉన్నది. ఆచార్య బి. రామచంద్రరావు నాయకత్వమున అచ్చటి భౌతికశాస్త్ర శాఖవారు ఇరువదవ శతాబ్ది నడుమనుండియు రేడియో తరంగములతో అయనోమండలమును పరిశీలించుచు వచ్చిరి. ఆనాడు విమానములకు ఉపగ్రహములు దారి చూపునని ఎవరును ఎరుగరు. ప్రభుత్వ ధనముతో సాగిన ఆ పరిశోధనకు వెంటనే కనిపించు లాభమేదియు లేదు. అయినను గగన్ కొరకు 2004, 2005 సంవత్సరములలో దేశవ్యాప్తముగా సేకరించిన కొలతలను విశ్లేషించిన వారిలో అదే విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ముందు నిలిచిరి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునందలి విమానమార్గ ఎలక్ట్రానిక్ శాస్త్రపు పరిశోధన విభాగము కూడ ఈ పనిలో పాలుపంచుకొనెను. లాభము లెక్కవేసుకొని మాత్రమే ధనమిచ్చు వర్తకుడు ఆనాటి విశాఖ ప్రయోగశాలకు కానీ కూడ ఇచ్చియుండడు.

బేగంపేటలో మరొక విచిత్రము. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోగా పాత విమానాశ్రయము మూగపోయెను. ఆ ప్రాంగణముననే విమానాశ్రయముల ప్రాధికార సంస్థవారు 350 కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి పౌర విమానయాన పరిశోధనా సంస్థను కట్టిరి. 2024 మార్చి 5న ప్రధానమంత్రి దానిని జాతికి అంకితము చేసెను. విమానములు వెడలిపోయిన చోట విమానశాస్త్రము వచ్చి చేరినదన్నమాట. ఆకాశపు బాటల నిర్వహణ, విమానాశ్రయముల పనితీరు ఇచ్చట పరిశోధింపవలసిన విషయములు. భవనము బాగుగనే యున్నది. భవనములు కట్టుటలో మన ప్రభుత్వములు ఏనాడును వెనుదీయవు. ఆ భవనములో కూర్చుండి ఇరువదియేండ్లపాటు ఒకే ప్రశ్నను పట్టుకొని పనిచేయువారికి జీతము ఏటేట ఇచ్చుటయే కష్టము. దేశాదాయములో నూటికి 0.64 వంతు మాత్రమే అన్ని రకముల పరిశోధనలకు కలిపి వెచ్చించుచున్న మనకు ఆ కష్టము కొత్తది కాదు.

ఇక పొగ మాట. విమానములో ఒక కిలో ఇంధనము మండినచో సుమారు 3 కిలోల 160 గ్రాముల బొగ్గుపులుసు వాయువును, ఒక కిలో 240 గ్రాముల నీటి ఆవిరియు వెలువడును. ఇంధనము కంటె పొగ బరువెక్కువ యగుటకు కారణమేమని బాలురు అడుగవచ్చును. మండునపుడు గాలిలోని ప్రాణవాయువు వచ్చి కలియుటయే కారణము. ఇవిగాక నత్రజని ఆక్సైడులు, గంధకపు వాయువులు, మసి ఉండును. నేలనుండి 3000 అడుగుల ఎత్తు వరకు జరుగు దిగుట, తిరుగుట, ఎగురుటలను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక చక్రముగా భావించి యంత్రముల పొగను పరీక్షించును. ఆ లెక్కలో ఎగురుటకు ఒక నిమిషములోపు, పైకెక్కుటకు రెండు నిమిషములకు కొంచెము పైన, దిగివచ్చుటకు 4 నిమిషములు పట్టును. నేలమీద దొర్లుటకు, నిలుచుటకు మాత్రము 26 నిమిషములు! ఈ 26 నిమిషములలో యంత్రము మందముగా నడచును గనుక ఇంధనము సరిగా కాలక కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా వెలువడును. ఊరివారు పీల్చు గాలితో ఎక్కువ సంబంధము గలది ఈ భాగమే.

అన్నిటికంటె చిక్కైనవి అతి సూక్ష్మకణములు. మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటెను చిన్నవి. తూచుదమన్న బరువు తూగవు, లెక్కింపవలసినదే. మన దేశములో 2009లో ప్రకటించిన గాలి ప్రమాణములలో పన్నెండు పదార్థములు కలవు గాని వీనికి చోటు లేదు. 2014లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాస్ ఏంజిలిస్ విమానాశ్రయమునకు గాలివాలున కొలతలు తీసి, 10 కిలోమీటర్ల దూరమున ఈ కణముల సంఖ్య నాలుగురెట్లు, 16 కిలోమీటర్ల దూరమున రెండురెట్లు ఉన్నట్లు ప్రకటించిరి. అంతవరకు విమానాశ్రయపు పొగ ప్రహరీ దాటి ఎంతో దూరము పోదని తలచినవారికి ఇది ఆశ్చర్యము కలిగించెను. లాస్ ఏంజిలిస్‌ను చూపి ఉద్దానపు వారిని భయపెట్టుట న్యాయము కాదు. అచ్చట దినమునకు వందలకొలది విమానములు దిగును. పలాసలో దిగునవి వ్రేళ్ళపై లెక్కింపదగినవే కావచ్చును. అయినను పోలిక తగదని చెప్పుటకు కూడ కొలత కావలెను.

పై ఆకాశములోని తెల్లని గీత సంగతి మరియొక తీరు. పొగలోని ఆవిరి, మసి కలిసి గడ్డకట్టి మంచురేణువులగును. ఆ రేణువుల మబ్బు భూమినుండి పైకి పోవలసిన వేడిని ఆపును. లోకములోని బొగ్గుపులుసు వాయువులో విమానముల వాటా నూటికి రెండున్నర వంతులకు అటునిటు. కాని విమానములవలన కలుగు వేడిలో పెద్ద భాగము బొగ్గుపులుసు వాయువు వలన గాక, ఈ గీతల మబ్బులవలనను నత్రజని ఆక్సైడుల వలనను కలుగుచున్నదని 2021లో ప్రచురింపబడిన ఒక సమగ్ర పరిశీలన అంచనా వేసెను. 2001 సెప్టెంబరులో అమెరికాలో విమానములు మూడు దినములు ఆగిపోయినపుడు పగటికిని రాత్రికిని గల ఉష్ణోగ్రతా భేదము పెరిగినదని కొందరు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. అది ఆ దినములలోని మామూలు వాతావరణపు మార్పేయని మరికొందరు కాదనిరి. మూడు దినముల లెక్కతో తేలెడి తగవు కాదది.

ప్రభుత్వ ధనముతో ఇట్టి తగవును సకాలములో తేల్చిన సందర్భము లోకములో లేకపోలేదు. 1970 ప్రాంతమున అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు, రష్యాలు ధ్వనిని మించిన వేగముతో పోవు ప్రయాణిక విమానముల కొరకు పోటీపడుచుండెను. అట్టివి వందలకొలది ఎగిరినచో వాని నత్రజని ఆక్సైడులు పై ఆకాశమందలి ఓజోను పొరను హరించునని 1971లో కాలిఫోర్నియాకు చెందిన హెరాల్డ్ జాన్‌స్టన్ హెచ్చరించెను. నత్రజని ఆక్సైడులకును ఓజోనునకును గల సంబంధమును అంతకుముందు సంవత్సరమే పాల్ క్రుట్జెన్ వివరించియుండెను. ఈయనకు 1995లో నోబెల్ బహుమానము వచ్చెను. అమెరికా రవాణా శాఖ సుమారు రెండుకోట్ల డాలర్లు వెచ్చించి 1971 నుండి 1974 వరకు వందలాది శాస్త్రజ్ఞులచేత పరిశోధన జరిపించెను. విమానములు ఇంకను తయారు కాకమునుపే వాని పొగను గూర్చి విచారించుట చరిత్రలో అది మొదటిసారి కావచ్చును. ఓజోను పొరను గూర్చి నేడు ప్రపంచమునకు గల జ్ఞానములో చాల భాగమునకు ఆనాటి ధనమే విత్తనము.

మన దేశములో ఇట్టి ప్రయత్నము ఇంధనము వైపున కొంత జరిగినది. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియము పరిశోధనాలయమువారు అడవి ఆముదపు గింజల నూనెనుండి విమానేంధనము తీసిరి. 2018 ఆగస్టు 27న ఆ ఇంధనపు మిశ్రమముతో ఒక ప్రయాణిక విమానము డెహ్రాడూన్‌నుండి ఢిల్లీకి ఎగిరెను. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు ఒలుచు కర్మాగారములనుండి గుట్టలకొలది తొక్క వచ్చుచున్నది. దానినుండి తీసిన నూనె రంగులలో, బండ్ల బ్రేకులలో వాడబడుచున్నది. విమానేంధనమునకు అది పనికివచ్చునా రాదా యనునది ప్రయోగశాలలో తేలవలసిన ప్రశ్న. పలాస కుర్రవాడొకడు ఏనాడైన దానిని చేపట్టిన బాగుండును.

ఇంతకును, ఈ పరిశోధనలన్నియు ముందే జరుగవలెనని ఉద్దానము విషయమున ఎందుకింత పట్టుపట్టవలసివచ్చుచున్నది? ఆ నేల పడిన పాటు అట్టిది. 2000వ సంవత్సరము తరువాతి తొలి ఏండ్లనుండి ఈ గ్రామములలో మూత్రపిండములు చెడి రోగులు విశాఖపట్నపు ఆసుపత్రులకు వచ్చుట వైద్యులు గమనించిరి. చక్కెరవ్యాధి లేదు, రక్తపుపోటు మొదట లేదు. కూలిపని చేసికొను మనుష్యుడు మెల్లగా నీరసించి, పరీక్ష చేయించుకొనువరకు మూత్రపిండములు చాలవరకు పోయియుండును. ఇటీవలి సర్వేలలో పెద్దవారిలో ఇంచుమించు అయిదుగురికి ఒకరు ఈ జబ్బుతోనున్నట్లు తేలినది. నీటిలోని సిలికా కారణమని కొందరు, పురుగుమందులని కొందరు, లోహములని కొందరు, ఎండలో నీరు త్రాగక పనిచేయుట, నొప్పిమాత్రలు మ్రింగుట అని మరికొందరు చెప్పుచున్నారు. నిశ్చయమైన కారణము నేటికిని తేలలేదు.

తేలకపోవుటకు కారణములలో ఒకటి అందరు తెలిసికొనదగినది. జబ్బు బయటపడుటకు ముందరి కాలపు కొలతలు లేవు. 1980లో కవిటి బావినీరు ఎట్లుండెనో, సోంపేట రైతు రక్తములో ఏమేమి ఉండెనో వ్రాసిపెట్టినవారు లేరు. పూర్వము తెలియనిదే మార్పు తెలియదు. మార్పు తెలియనిదే కారణము పట్టుబడదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును ప్రారంభమైనవి. అదే దినమున హిరమండలమునుండి వంశధార నీటిని ఉద్దానపు గ్రామములకు తెచ్చు 700 కోట్ల రూపాయల పథకమును జాతికి అంకితము చేసిరి. రెండును గొప్ప పనులే. కాని ఇరువదియేండ్ల ముందు ఊరికొక్క సీసా నీరు పట్టి పరీక్షించి పెట్టుటకు అయ్యెడి ఖర్చు, ఈ 700 కోట్లలో కనిపించనైన కనిపించదు.

ఉద్దానపు ప్రజలు మాట విని నమ్మువారు కారనుటకు మరియొక కారణము కలదు. 2010 జూలై 14న సోంపేట బీల భూములలో థర్మల్ విద్యుత్కేంద్రమును ఎదిరించిన జనముపై తుపాకులు ప్రేలి ప్రాణములు పోయెను. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలము కాకరాపల్లిలోను అదే జరిగెను. ఆ రెండు చోట్లను ప్రజలు అడిగినది నీటిని గూర్చి, బూడిదను గూర్చి, చేపలను గూర్చి. వారికి చూపబడిన నివేదికలు కర్మాగారము పెట్టువారే ధనమిచ్చి వ్రాయించినవి. మన దేశములో పర్యావరణ నివేదికల పద్ధతియే అది. కట్టువాడే లెక్కచెప్పువానిని నియమించును. లెక్క సరియైనదే కావచ్చును, అయినను వినువాని మనస్సు కుదుటపడదు. కొలత ప్రభుత్వ ధనముతో, విశ్వవిద్యాలయముల చేతులమీదుగా, ఎవరైన వచ్చి చూచునట్లు జరుగవలెననుటకు ఇంతకంటె వేరు వాదము అక్కరలేదు. విమానము ఎన్నడును ఎక్కనివాడు కూడ విమానపు గాలి పీల్చును గనుక, అతడు ఉప్పుపప్పులతో పాటు చెల్లించు పన్నులో ఒక పైసా ఈ పనికి పోవుట న్యాయమే.

కొలువవలసినది ఎంత? గాలి సంగతి తీసికొనుడు. ఈ తీరమున వేసవినుండి నైరృతి గాలి, శీతకాలమున ఈశాన్యపు గాలి తీరము వెంబడి వీచును. ప్రతిదినము మధ్యాహ్నము సముద్రపుగాలి లోపలికి, రాత్రి నేలగాలి సముద్రముమీదికి మరలును. ఒకే విమానపు పొగ పగలు మందస వైపు, రాత్రి పల్లెకారుల పడవల వైపు పోవచ్చును. అందుచేత ఒక నెలలో, ఒక చోట తీసిన కొలత ప్రయోజనము లేనిది. నిండు సంవత్సరము, నాలుగైదు గ్రామములలో గాలిని కొలువవలెను. నిరంతరము గాలిని పరీక్షించు కేంద్రమునకు కోటి రూపాయలకు అటునిటు ఖర్చగును. అది పరుగుబాటలో కొన్ని గజముల ఖరీదు. జీడి ఒలుచు కర్మాగారముల పొగ, జాతీయ రహదారిపై లారీల పొగ, పొయ్యిల పొగ ఇపుడెంత ఉన్నదో అట్లు తేలును. తరువాత విమానము వచ్చినను రాకున్నను ఆ లెక్క వ్యర్థము కాదు. ఊపిరితిత్తుల వైద్యునకు, రైతునకు అది పనికివచ్చును. బడులకు గాలిదిక్కు చూపు యంత్రమును, ఉష్ణమాపకమును, వానమాపకమును ఇచ్చినచో ఉన్నత పాఠశాలల విద్యార్థులే ఒక భాగము నడుపగలరు. శాస్త్రపాఠము పుస్తకములోనుండి డాబామీదికి ఎక్కుట చెడ్డ సంగతి కాదు.

ఇంకొక రద్దీ కలదు, అది పక్షులది. టెక్కలికి దగ్గరనున్న తేలినీలాపురమునకు ఏటేట వానకాలపు చివర గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదరకముందే వెడలిపోవును. సైబీరియానుండి వచ్చునని ఊరివారు చెప్పుకొందురు. వానిని కొట్టుటకు ఎవరిని రానీయరు. నౌపడ చిత్తడినేలలు వాని మేతపట్టు. ఇచ్ఛాపురము దగ్గర తేలుకుంచిలోను ఇట్టి కొంగల నివాసమొకటి కలదు. ఈ రెంటి నడుమనే కదా ఉద్దానము! 2009 జనవరి 15న న్యూయార్కులో బాతుల గుంపు తగిలి రెండు యంత్రములు ఆగిపోయిన విమానమును చోదకుడు హడ్సన్ నదిమీద దింపగా, అందలి 155 మందియు బ్రతికిరి. అందరికి అట్టి నది, అట్టి చోదకుడు దొరకరు. విమానాశ్రయమునకు 10 కిలోమీటర్ల లోపల పశువధ, చెత్త పోగుచేయుట కూడదని 1937 నాటి విమాన నిబంధనలలోనే వ్రాయబడినది. గ్రద్దలు మూగుననియే ఆ కట్టడి. ఉద్దానపు తీరములోని బెస్తపల్లెలలో ఇసుకమీద ఆరబెట్టిన చేపలకు మూగు గ్రద్దల సంగతి ఆ నిబంధనలలో ఎక్కడ చేరునో పెద్దలు ముందే విచారించుట మంచిది. చేపలారవేయుట మానుడని తరువాత చెప్పిన ఆ పల్లెవారు ఏమి తినవలెను?

గూడబాతులు ఏ వేళ గూడు వదలును, ఏ దిక్కుగా ఎంత ఎత్తున పోయి ఎప్పుడు మరలి వచ్చును అనునది వ్రాసిపెట్టుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. రెండు శీతకాలములు, నాలుగు బైనాక్యులర్లు, లెక్క తప్పులు దిద్దగల జంతుశాస్త్రపు ఉపాధ్యాయుడొకడు, కోడికూతకు లేవగల పిల్లలు చాలును. ఒక్క శీతకాలము చాలదా యందురేమో. మొదటి సంవత్సరము అక్టోబరులోనో నవంబరులోనో తుపాను వచ్చి లెక్కనంతయు చెడగొట్టవచ్చును. ఈ తీరమున అది అరుదైన సంగతి కాదు.